నాగపురమున పెరిగిన తెలుగు

మన సంఘ వార్షికోత్సవము వచ్చినప్పుడెల్ల వేదిక వెనుకగోడపై మహనీయుల పటములు వ్రేలాడగట్టుట ఆచారము. శ్రీకృష్ణదేవరాయలు, పోతన, త్యాగరాజు, వీరేశలింగము పంతులు: ఈ వరుస యేటేట అంతగా మారదు. పూలదండలు వేయుదుము, దీపము వెలిగింతుము, ప్రార్థనాగీతము కాగానే నాటకము ప్రారంభమగును. ఆ పటములయందు నాకు భక్తి లేకపోలేదు. అయినను రాయలవారిని చూచి ఉద్యోగి యేమి నేర్చుకొనవలెనని నన్ను నేను అడిగికొన్నప్పుడు సమాధానము తోచదు. రాజ్యము మన చేతిలో లేదు, పోతనవలె కలము పట్టు శక్తియు లేదు. మన చేతనున్నవి పగలంతయు దస్త్రములు, సాయంకాలము రెండుగంటల తీరిక, నెలకొకమారు సంఘ సమావేశము. ఇంతమాత్రపు సాధనములతో ఒక మనుష్యుడు తన భాషకు ఎంత చేయగలడో చూపినవారు ఎవరైన ఉన్నారా యని వెదకగా నాకు దొరికినవారు కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు. ఆయన పటము మన గోడపై ఎన్నడును చూడలేదు. ఆయన రాజు కారు, కవి కారు. ఒక జమీందారు కొలువులో దివానుగా నుండిన ఉద్యోగి. అంతకంటె నన్నాకర్షించిన విషయము మరియొకటి కలదు: ఆయన చదువు తెలుగుదేశములో సాగలేదు.

లక్ష్మణరావుగారు 1877 మే 18వ తేదీన నాటి కృష్ణాజిల్లాలోని పెనుగంచిప్రోలున జన్మించిరి. మూడవయేటనే తండ్రి గతించెను. కొంతకాలము నిజాము రాజ్యములోని భువనగిరిలో చదువుకొని, పిమ్మట అక్కగారైన భండారు అచ్చమాంబగారి యింట పెరుగుటకై నాగపురమునకు వెడలిరి. బావగారైన మాధవరావుగారు అచ్చట ఇంజనీరుగా ప్రభుత్వోద్యోగములో నుండిరి. నాగపురము ఆ కాలమున మధ్యపరగణాలకు రాజధాని. వీథిలో మరాఠీ, బజారులో హిందీ, కచేరీలో ఇంగ్లీషు. తెలుగు ఇంటి గడప లోపల మాత్రమే. ఈ వర్ణన చదువుచున్నప్పుడు మన కాలనీలలోని గృహిణులకు తమ యిల్లే కన్నులకు కట్టిన, అందు ఆశ్చర్యము లేదు. అక్కడ తెలుగు బడి లేదు, తెలుగు పండితుడు లేడు. పిల్లవాడు పాఠశాలలో నేర్చునది మరొక భాష. అట్టి యింటినుండి తెలుగున తొలి స్త్రీచరిత్ర సంపుటమును, తొలి విజ్ఞానసర్వస్వమును వెలువడినవన్నచో, భాష బ్రతుకుటకు నేల యొక్కటియే ఆధారము కాదని యొప్పుకొనక తప్పదు.

అక్కగారి సంగతి ముందుగా చెప్పవలెను. లక్ష్మణరావుగారి చరిత్ర వ్రాయువారు ఆమెను ఒక వాక్యముతో దాటిపోవుదురు. నాకది న్యాయముగా తోచదు. అచ్చమాంబగారు 1874లో పుట్టిరి. పదియేండ్ల వయస్సున పెండ్లి. బడికి పోయి చదివినది లేదు. తమ్ముడు ప్రక్కన కూర్చుండి పాఠములు వల్లించుచుండ, వినుచు, అడుగుచు, ఇంటిపనుల నడుమ తెలుగు, హిందీ నేర్చిరి. తరువాత ఇతర భాషలలోనికిని ప్రవేశించిరి. తమ్ముడు పాఠము చదువుకొనుటయే అక్కకు విద్యాలయ మయ్యెను. ఆమెకు కడుపున పుట్టినవారు దక్కలేదు. ఆ దుఃఖములో మునిగిపోక అనాథబాలురను ఇంట నుంచుకొని విద్య చెప్పించిరి. స్త్రీలు అబలలనియు, బుద్ధిహీనులనియు, చదివినచో చెడిపోవుదురనియు ఆనాడు పండితులు సైతము వాదించుచుండిరి. ఆ వాదమునకు ఆమె ప్రతివాదము చేయలేదు, ఉదాహరణములు కూర్చిరి. దేశములోని విదుషీమణుల, రాణుల, వీరవనితల చరిత్రలను సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అను గ్రంథము వ్రాసిరి. దాని మొదటి సంపుటము 1901లో అచ్చయ్యెను. మరుసటి సంవత్సరము బందరులో ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో కూడి బృందావన స్త్రీసమాజమును స్థాపించిరి. ఆ 1902లోనే ‘హిందూసుందరి’ పత్రికలో ఆమె వ్రాసిన ‘ధనత్రయోదశి’ అను కథ వెలువడెను. తెలుగులో తొలి చిన్నకథ గురజాడవారి ‘దిద్దుబాటా’, ఆమె కథయా యని విమర్శకులు వాదించుకొనుచున్నారు. ‘దిద్దుబాటు’ వెలువడినది 1910లో. ఆ తగవు వారికి విడుతము. ముప్పదియేండ్లు నిండిన కొలదికాలమునకే, 1905లో ఆమె స్వర్గస్థురాలయ్యెను.

ఇందు నన్ను మిక్కిలి ఆలోచింపజేసిన విషయమొకటి కలదు. మనయిండ్లలో పిల్లలకు తెలుగు నేర్పు భారము తల్లిపై వేసి, మనము ఆఫీసు మాటలలో పడుదుము. ఆ తల్లికి చదువుటకు తీరిక యున్నదా, ఆమె కోరిన పుస్తకము ఇంట నున్నదా యని అడుగము. నాగపురపు ఇంటిలో పిల్లవాని చదువును గృహిణి చదువును ఒకే దీపము క్రింద సాగెను. భర్త అందుకు అడ్డు చెప్పలేదు. చరిత్రలో ఎక్కని గుణములలో ఇది యొకటి.

తమ్మునికి నాగపురము మరొక మేలు చేసెను. ఆయన మరాఠీని పరాయిభాషగా ఎడముంచలేదు. విద్యార్థిగా నుండగానే అందు వ్యాసములు వ్రాసి మరాఠీ పత్రికలలో ప్రకటించునంతటి ప్రజ్ఞ సంపాదించిరి. ఆ కాలమున మహారాష్ట్రమున చరిత్ర రచన గొప్ప ఉత్సాహముతో సాగుచుండెను. బఖరులు, కాగితములు, శాసనములు వెదకి, ప్రాతకథను ప్రమాణముతో పరీక్షించు పద్ధతి అచ్చట బలపడెను. రానడేగారి మరాఠా చరిత్ర 1900లో అచ్చయ్యెను. ఈ గాలి పీల్చిన యువకునికి తన దేశము తలపునకు వచ్చినప్పుడు కలిగిన ప్రశ్న సహజమైనది: మరాఠీవారికి ఇన్ని పుస్తకము లుండగా తెలుగువారికేల లేవు? ఈ ప్రశ్న అడిగి నిట్టూర్చువారు నేటికిని మనలో చాలమంది కలరు. లక్ష్మణరావుగారు నిట్టూర్పుతో ఆగలేదు. శివాజీ చరిత్రమును తెలుగున వ్రాసిరి. పొరుగుభాషయందు చూచిన మంచిని అసూయతో గాక అప్పుగా తెచ్చుకొని, స్వభాషలో నిలువ చేయుట ఆయన జీవితమంతటికిని పద్ధతి యయ్యెను. పరప్రాంతమున నివసించువానికి లభించు లాభము ఇదియే గదా! స్వగ్రామము విడువనివానికి పొరుగిల్లు కానరాదు.

ఎం.ఏ. పట్టమును పొందిన ఆయన మునగాల సంస్థానమున దివానుగిరి వహించిరి. మునగాల పరగణా యొక విచిత్రమైన చోటు. పేరునకు ఇంగ్లీషువారి కృష్ణాజిల్లాలోనిది. చుట్టును నిజాము రాజ్యము. నేడది తెలంగాణమున సూర్యాపేట జిల్లాలో చేరియున్నది. ఇటు చెన్నపురి, అటు హైదరాబాదు, రెండు పరిపాలనలను ఎరిగిన దివానునకు రెండువైపులను తెలుగువారి స్థితి తేటతెల్లముగా కనబడెను. హైదరాబాదు రాజ్యమున జనులలో దాదాపు సగము తెలుగువారే. అయినను న్యాయస్థానమునందు, కచేరీయందు, ఉన్నతవిద్యయందు తెలుగునకు తావు లేదు.

1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదు రామకోటిలో రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపితమయ్యెను. అందు లక్ష్మణరావుగారిది ముఖ్యమైన హస్తము. మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారు, ఆదిపూడి సోమనాథరావుగారు మున్నగువారు తోడు నిలిచిరి. ఇది ఊరేగింపు కాదు, తిరుగుబాటు కాదు, మహజరు కూడ కాదు. ఒక గది, కొన్ని బీరువాలు, పత్రికలు చదువుటకు బల్లలు. ఆ రాజ్యమున సభ జరుపుటయే కష్టమైన దినములలో పుస్తకము చదువుటను ఎవరును నేరమని చెప్పజాలరు గదా! 1904లో హనుమకొండ యందు రాజరాజనరేంద్రుని పేర మరియొక భాషానిలయము వెలసెను. ఇరువదియేండ్లు గడచిన పిదప, 1921లో, హైదరాబాదున జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడబోగా సభికులు గేలిచేసిరి. ఆ అవమానము నుండి ఆంధ్రజనసంఘము పుట్టెను. మాడపాటి హనుమంతరావుగారు మొదలగు వారు దానిని నడిపిరి. అవమానము ఒక్క సాయంకాలములో జరిగినది. దానికి బదులు చెప్పగల మనుష్యులు సిద్ధమగుటకు ఇరువది సంవత్సరములు పట్టినది. ఆ యిరువది సంవత్సరములును గ్రంథాలయములలో గడచినవి.

1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి హైదరాబాదుననే ఆరంభమై, తరువాత చెన్నపట్టణమునకు తరలెను. కథలు, కావ్యములు కాక, లోకజ్ఞానము నిచ్చు గ్రంథములను సులభమైన తెలుగున, చౌకవెలకు, చందాదారులకు అందించుట దీని ఉద్దేశము. మొదటి గ్రంథమేది? మనవారెవరును ఊహింపలేరు. అబ్రహాము లింకను చరిత్రము! గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వ్రాయగా 1907లో వెలువడెను. తెలుగువానికి ఆదర్శపురుషుని చూపదలచినవారు మొట్టమొదట అమెరికా అడవిలో కట్టెలు కొట్టి, యెరవు తెచ్చుకొన్న పుస్తకములతో చదువుకొని, బానిసల సంకెళ్లు విడిపించినవానిని ఎన్నుకొనిరి. ఇందు రెండర్థము లున్నవని నా అభిప్రాయము. విద్య ధనికుల సొత్తు కాదనుట యొకటి. బానిసత్వము పోగొట్టవచ్చుననుట రెండవది. 1907లో ఆ మాట చదివిన తెలుగు యువకుడు దానిని అమెరికాకు మాత్రమే అన్వయించుకొని యుండడు. ఆ గ్రంథకర్త మరుసటి సంవత్సరమే ‘స్వరాజ్య’ పత్రికలో వ్రాసిన వ్రాతకు రాజద్రోహ నేరముపై మూడేండ్ల కారాగారమునకు పోయిరి. ఆదర్శపురుషుని జీవితము వ్రాయుట వట్టి వ్రాయసపు పని కాదని ఆయన దేహముతో చూపిరి.

మండలి ప్రకటించిన గ్రంథములలో చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ప్రసిద్ధమైనది. దాని మొదటి భాగము 1910లో వచ్చెను. నాకు అంతకంటెను సాహసముగా తోచునవి శాస్త్రగ్రంథములు. ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము, మంత్రిప్రగడ సాంబశివరావుగారి పదార్థవిజ్ఞానము, వేమూరి విశ్వనాథశర్మగారి రసాయనశాస్త్రము. ఆ మాటలు తెలుగున లేవు, పాఠకులు లేరు, అట్టి గ్రంథము కొని చదువుమని ఆజ్ఞాపించు విశ్వవిద్యాలయమును లేదు. మనము సచివాలయములలో ఒక్క సర్క్యులరునకు అనువాదము చేయుటకు ముగ్గురు కూర్చుండి, పారిభాషికపదము కుదరలేదని వారము దినములు వాయిదా వేయుదుము. వారికి వాయిదా వేసికొనుటకు పైయధికారి లేడు. సంస్కృతము నుండి కొంత, వాడుక నుండి కొంత గ్రహించి, కుదిరినంతలో మాట కల్పించి, పుస్తకమును అచ్చునకు పంపిరి. ఆ మాటలలో కొన్ని నిలిచినవి, కొన్ని పోయినవి. నిలుచునో నిలువదో తెలిసికొనుటకు ముందు అచ్చు వేయవలయును గదా!

ఇచ్చట ఒక మాట దాచుట న్యాయము కాదు. ఈ కార్యములకు చేయూత నిచ్చినది మునగాల సంస్థానము. ఆ సంస్థానపు బొక్కసము రైతుల శిస్తుతో నిండినది. 1930లలో, లక్ష్మణరావుగారు గతించిన చాలకాలమునకు, ఆ జమీందారీలోని రైతులే వెట్టిచాకిరికిని అక్రమ వసూళ్లకును వ్యతిరేకముగా సంఘముగా ఏర్పడి ఉద్యమించిరి. భాషానిలయమునకు ఆదరువైన కొలువే ఆ రైతునకు భయస్థానము. దీనిని చెప్పినచో మహనీయుని తేజస్సు తగ్గునని కొందరు మిత్రులు అభ్యంతరము చెప్పవచ్చును. నేనట్లు తలపను. ఆయన చేసిన పని ఆ రైతుల కుమారులకు అక్షరముగా చేరినది. ఆ పనికైన ఖర్చు ఎవరి చెమట నుండి వచ్చినదో తెలిసికొనుట కూడ చరిత్రయే. ప్రభుత్వ ధనముతో జీవించు మనకు ఈ లెక్క మరింత దగ్గరది.

విజ్ఞానచంద్రిక స్థిరపడిన తరువాత లక్ష్మణరావుగారు తలపెట్టినది ఆంధ్ర విజ్ఞానసర్వస్వము. ఇంగ్లీషున బ్రిటానికా యను మహాగ్రంథము వంటిది, అకారము మొదలుకొని సమస్త విషయములు, తెలుగున. చెన్నపట్టణమున ఎగ్మూరులోని ‘వేదవిలాసము’ అను ఆయన గృహము ఈ యజ్ఞమునకు శాలయయ్యెను. ఆ యిల్లు రచయితలకు, విద్యార్థులకు, అతిథులకు తెరచియుండెడిది. 1919 మే 27వ తేదీన కందుకూరి వీరేశలింగముగారు కన్నుమూసినది ఆ యింటనే. సంపాదకుడు, వ్యాసకర్త, అచ్చుచిత్తులు దిద్దువాడు, చందాలు వసూలు చేయువాడు: ఇన్ని పాత్రలును చాలవరకు లక్ష్మణరావుగారివే. ప్రతి విషయమునకు ఆకరములు వెదకవలెను. శాసనము ప్రమాణమనినచో దాని పాఠమును తాను చూడవలెను. తొందరపడి నింపుట ఆయనకు గిట్టదు. ఫలితముగా మూడు సంపుటములు వెలువడునప్పటికి ‘అ’ కారము దాటలేదు.

పరిహాసమునకు ఇది మంచి యవకాశము. చేయువారు చేసిరి కూడ. మహారాష్ట్రమున కేత్కరుగారు జ్ఞానకోశమును 1920లలో పెక్కు సంపుటములుగా ప్రకటించి పూర్తిచేసిరి. ఆ ప్రయత్నమునకు మొదటి అడుగులు పడినది కూడ నాగపురముననే యని తలచినప్పుడు మనస్సునకు కొంత వెలితి కలుగును. కేత్కరుగారు ఒక సంస్థను, వాటాలను, సిబ్బందిని ముందుగా సమకూర్చుకొనిరి. లక్ష్మణరావుగారు ఒక యింటిని నమ్ముకొనిరి. కార్యనిర్వాహకుల దృష్టితో చూచినచో ఇది లోపమే. దీనిని నేను కప్పిపుచ్చను. సంఘములు నడపు మనవంటివారు ఆయన నుండి ఉత్సాహమును, కేత్కరుగారి నుండి ఏర్పాటును తీసికొనవలెనని నాకు తోచును. 1923 జూలై 12వ తేదీన, నలువదియారేండ్లకే, పని మధ్యలోనే లక్ష్మణరావుగారు పరమపదించిరి. ఈ వ్యాసము చదువుచున్న మనలో పలువురము ఆ వయస్సు దాటినవారమో, దాటబోవువారమో. పదోన్నతి జాబితాలో మన పేరెచ్చటనున్నదో లెక్కించుకొను వయస్సది.

1930లలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు విజ్ఞానసర్వస్వమును తిరిగి చేపట్టిరి. 1947లో ఏర్పడిన తెలుగు భాషాసమితి వేరుపద్ధతిలో, విషయానుసారముగా సంపుటములను ప్రకటించెను. భాషానిలయము హైదరాబాదు సుల్తాను బజారున నిలిచియున్నది. వీటిలో దేనిని లక్ష్మణరావుగారి స్మారకమని చెప్పవలెనో నేను చాలసార్లు ఆలోచించితిని. తుదకు నా మనస్సు ఒక మనుష్యునిపై నిలిచినది.

వేదవిలాసమునకు విజ్ఞానసర్వస్వపు పనికై వచ్చిన యువకులలో మల్లంపల్లి సోమశేఖరశర్మగారు ఒకరు. ఆయనకు విశ్వవిద్యాలయపు పట్టము లేదు. నేటి మన నియామక నిబంధనల ప్రకారము దరఖాస్తు పరిశీలనలోనే త్రోసిపుచ్చబడెడివారు. లక్ష్మణరావుగారు పట్టము అడుగలేదు, శాసనము చేతికిచ్చిరి. చదువుట ఎట్లో, అరిగిన అక్షరమును ఊహింపక వేచియుండుట ఎట్లో, రెండు ప్రమాణములు పోట్లాడినప్పుడు తన యిష్టమును ప్రక్కన పెట్టుట ఎట్లో శర్మగారు ఆ బల్ల దగ్గర నేర్చిరి. గురువు గతించిన పిదప ఆ పనిని విడువలేదు. ఊరూరను తిరిగి శాసనములు వెదకిరి, వ్రాసిరి. పట్టము లేని ఆ పండితుని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పిలిచి ఆదరించెను. కొండవీటి, రాజమహేంద్రవరపు రెడ్డిరాజుల చరిత్రను ఆయన ఇంగ్లీషున రచింపగా ఆ పరిషత్తే 1948లో ప్రకటించెను. గురువు గతించి అప్పటికి ఇరువదియైదేండ్లు.